కన్నాలు కోసిన పతంగులు

గుమ్మం పైకొయ్య నుదుటికి తగిలి సింధూజ కళ్ల ముందు నల్లటి చుక్కలు తిరిగాయి. ఆమెకంటే ముందు లోపలికి వెళ్లిన సీఐ శ్రీపాల్ చప్పుడు విని వెనక్కి తిరిగాడు. ఆయన ఆమెకంటే జానెడు పొడుగు. తల మీది టోపీ కూడా కదల్లేదు.

"జర సూస్కోని రావాలె మేడం. క్లూస్ టీం అంటె కండ్లు పెద్దగుండాలె కద."

సింధూజ నుదురు రుద్దుకుంటూ వాచీ చూసింది. పన్నెండు నలభై.

"మూడింటికి జీపు కదుల్తది," అన్నాడు శ్రీపాల్. "నాలుగింటికి జనగామ కోర్టుల పోశాలును జడ్జి మేడం ముందట నిలవెట్టాలె. అప్పటిదాక మీ ఫొటోలు, మీ పౌడర్లు ఏమున్నయో కానియ్యుండ్రి. ఈ కొంప మొగం సూసుడు నాకు ఇయ్యాల్నే. నిన్న బందోబస్తుకు మానుకోట దిక్కు పోయిన. ఎస్సై పంచనామా చేసిండు."

ఆ కొంప పేరు 'పతంగుల ఇల్లు'. జఫర్‌గఢ్ పోయే దారిలో బొల్లిగుట్ట అనే చిన్న ఊళ్లో మూడు గదుల పెంకుటిల్లు. డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరైన రాజయ్య సారు తన సొంత ఇంటినే మ్యూజియం చేశాడు. తిరిగిన ప్రతి ఊరి నుంచి పతంగులు తెచ్చి గోడలకు వేలాడదీశాడు. చూడ్డానికి వారానికి నలుగురు వస్తే ఎక్కువ. వాకిట్లో రేకు బోర్డు మీద "చూచుటకు రుసుము లేదు. సంతకము తప్పనిసరి" అని ఆయనే గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు.

నిన్న, మంగళవారం, సాయంత్రం నాలుగు ఇరవైకి ఊడ్వడానికి వచ్చిన యాకమ్మ ఆయన్ను ముందు గదిలో చూసింది. నేల మీద బోర్లా పడి ఉన్నాడు. మెడకు మూడు చుట్లు నైలాన్ మాంజా. పక్కన ఒక ఎర్ర పతంగి. డాక్టరు చెప్పిన ప్రకారం ప్రాణం పోయింది రెండున్నరకు, మూడున్నరకు మధ్య.

పోశాలు యాకమ్మ భర్త. ఊరి మూల మీద పతంగులు, మాంజా అమ్ముతాడు. నైలాన్ మాంజా అమ్ముతున్నాడని శనివారం రాజయ్య సారే స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు చేశాడు. ఆదివారం పొద్దున పోలీసులు సరుకు పట్టుకెళ్లారు. ఆ వెంటనే పోశాలు సారు ఇంటికొచ్చి గొడవపడటం ఊరంతా విన్నది. సీఐకి అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది.

మూడు రోజులుగా ముసురు. వసారాలో చూరు నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. పోశాలు బేడీలతో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. మనిషి జ్వరంతో వణుకుతున్నాడు. కొంచెం దూరంలో యాకమ్మ గడప పక్కన ముడుచుకుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఇప్పుడు ఊరికే చూస్తోంది.

సింధూజ అతని ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"ఆదివారం ఎందుకు కొట్లాడినవ్ పోశాలన్నా?"

"నా సరుకు పట్టిచ్చిండని మేడం. నైలాన్ది అమ్మకురా, పిట్టలు సస్తయి, పిల్లల మెడలు కోసుకుంటయి అని సారు నాలుగుసార్లు చెప్పిండు. నేను ఇన్లే. తప్పు నాదే. కని మాంజా సుట్టిన పన్నెండు చర్ఖాలు ఒక్కపారి పట్కపోతె కోపం రాదా? వచ్చి మొత్తుకున్న."

"సారు ఏమన్నడు?"

"ముందుగాల బుక్కుల సంతకం పెట్టు, అటెన్క తిట్టు అన్నడు."

సింధూజ రిజిస్టరు తెప్పించి ఆదివారం పేజీ తీసింది. పది నలభై. పేరు: పోశాలు. ఊరు: ఇదే. చివరి గడిలో 'వచ్చిన పని' అన్న చోట వంకర అక్షరాలతో "కొట్లాట" అని ఉంది. దాని పక్కన సారు ఎర్ర సిరాతో టిక్కు పెట్టాడు.

"తిట్టుడు అయిపొయినంక చాయ్ తాపిండు మేడం," అన్నాడు పోశాలు. "చక్కెర ఎక్కువేసి."

"మంచిగ చెప్తవ్‌రా," అన్నాడు వెనక నుంచి శ్రీపాల్. "స్టేషన్ల లెక్కవెడితె చర్ఖాలు పదకొండే. పన్నెండోది నువ్వు దాసినవ్. అదే సారు మెడకున్నది."

"పన్నెండు సారూ! యాకమ్మ మీద ఒట్టు. మీ జీపుల పన్నెండు ఏసిండ్రు!"

"ఆమె మీద ఒట్టు పెట్టకు. ఆమె గూడ పోతది."

సింధూజ ఆ మాట విననట్టే అడిగింది. "నిన్న రెండున్నర నుంచి నాలుగు దాక ఏడున్నవ్?"

"ఇంట్లనే. జరం. గోలి ఏస్కొని పన్న. ఇగొ ఇది పొద్దంత కూలికి పోయింది."

"నిన్ను ఎవరన్న సూసిండ్రా?"

పోశాలు నిజాయితీగా ఆలోచించాడు. "మేక సూసింది."

"మేకకు సమన్లు పంపుద్దం," అన్నాడు శ్రీపాల్. కానిస్టేబుల్ రాజు నవ్వబోయి యాకమ్మ మొహం చూసి ఆపేశాడు.

సింధూజ తన సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. శవం పక్కన దొరికిన ఎర్ర పతంగి. దాని మీద నలభై ఒకటి అని చిన్న అంకె ఉంది. అంటే గోడ మీది నుంచి తీసింది. ముందు గదిలో నలభై ఒకటో మేకు ఖాళీగా ఉంది. పతంగి నడుమ నిలువుగా ఉండే నిట్టపుల్లకు పైన ఒక చోట, కింద ఒక చోట దారం కట్టి, రెండింటినీ కలిపి ముందుకు ముడి వేశారు. ఎగరేసే దారం ఆ ముడికే కడతారు. ఇలా కట్టిన దారాలనే కన్నాలు అంటారు. కన్నాలు సరిగ్గా లేకపోతే ఎంత మంచి పతంగి అయినా గింగిరాలు కొట్టి పడిపోతుంది.

"సార్, ముసురుల ఎవడూ పతంగి ఎగరెయ్యడు. అయినా కన్నాలు కట్టి పక్కన పెట్టిండ్రు. ఎగరేస్తుంటె మాంజా మెడకు సుట్టుకున్నట్టు కనపడాలని."

"అవ్. అది నేను పొద్దుగాల్నే రాసిన. ఈనికి తెలివి తక్కువ, ముసురని మర్సిండు."

"బేడీలు జర తీయించుండ్రి. ఒక పతంగికి కన్నాలు కట్టిచ్చి సూడాలె."

శ్రీపాల్ రాజుకు కన్నుతో సైగ చేశాడు. "తియ్. సర్కస్ సూద్దం."

పోశాలుకు కొత్త పతంగి, సూది, దారం ఇచ్చారు. అతని వేళ్లు వణుకుతున్నాయి. కానీ సూది చేతికి రాగానే వణుకు ఆగింది. అతను పతంగి వంక చూడలేదు. చూరు నుంచి పడే నీళ్ల వంక చూస్తూ పైన పొడిచాడు, కింద పొడిచాడు, దారాన్ని మడిచి కొలిచాడు, ముడి వేశాడు. నిమిషం కూడా పట్టలేదు.

సింధూజ స్కేలు పెట్టింది. పోశాలు కట్టిన దానిలో పై దారంకంటే కింది దారం గోరంత ఎక్కువ. శవం పక్కన దొరికినదానిలో కింది దారం రెండు వేళ్ల వెడల్పు ఎక్కువ. ముడి కూడా వేరు. పోశాలుది ఒంటి ముడి. ఎర్ర పతంగిది మూడు చుట్లు తిప్పి, కొసను మళ్లీ లోపలికి దోపిన ముడి.

"గిది మా దిక్కుది గాదు మేడం," అన్నాడు పోశాలు ప్లాస్టిక్ కవరులోకి తొంగిచూస్తూ. "గిట్ల కడితె పతంగి లేవనే లేవది. ఈడ గంత గాలి ఏడిది?"

"భయంల కట్టిండు. కొలత తప్పింది," అన్నాడు శ్రీపాల్.

"భయంల కడితె ముడి వదులుంటది సార్. ఇది గట్టిగుంది. అలవాటైన చెయ్యి."

"పతంగుల శాస్త్రం నాకు తెల్వదు. మాది వరంగల్ టౌను. సదువుకున్నం, ఉద్యోగం తెచ్చుకున్నం, ఆటలు ఎర్కలే. జడ్జి ముందర నిలవడి దారం రెండు వేళ్లు ఎక్కువుందని చెప్తవా? నవ్వుతరు. నీ పని ఫొటోలు తీసుడు సింధూజా. కేసు నాది."

"రాజయ్య సారు చచ్చిపోయిండు సార్. కేసు ఆయనది."

అన్నాక ఆమెకే భయం వేసింది. ఎప్పుడూ అంత మాట అనలేదు. శ్రీపాల్ నవ్వలేదు, కోప్పడలేదు. "మూడింటికి," అన్నాడు, వాచీ మీద వేలితో రెండుసార్లు తట్టి. పోశాలు చేతులకు బేడీలు మళ్లీ పడ్డాయి.

యాకమ్మ లేచి వచ్చి సీఐ కాళ్ల దగ్గర కూలబడింది. "సారూ, నన్ను గూడ జీపుల తీస్కపో. కోర్టుల ఒక్కసారి మొగం సూస్త. జరం మనిషి, గోలీలు ఇస్త."

"జీపు ఏమన్న ఆర్టీసీ బస్సా? జరుగు."

ఒకటి ఇరవై. సింధూజ రిజిస్టరు చంకన పెట్టుకుని, యాకమ్మ భుజం పట్టుకుని లేపింది. "అక్కా, నాకు ఇల్లంత సూపెట్టు. సారు ఎట్ల సూపెట్టేదో అట్లనే."

*

ముందు గదిలో కాగితాల పతంగులు. సిమెంటు సంచీ కాగితంతో చేసినది, క్యాలెండరుతో చేసినది, ఓటరు జాబితాతో చేసినది. భూపాలపల్లి బొగ్గుబావి కార్మికుడు ఒకాయన పొట్లం కాగితంతో చేసిన గోధుమ రంగు పతంగి మీద ఇంకా నల్లటి వేలిముద్రలు ఉన్నాయి. ఒక్కో పతంగి కింద మేకుకు తగిలించిన అట్టముక్క. దాని మీద అంకె, చేసినవారి పేరు, ఊరు, సంవత్సరం. నడిమి గదిలో పాత లుంగీతో చేసినది, మోదుగాకులు ఈనెపుల్లలతో కుట్టి చేసినది, అగ్గిపెట్టె అంత చిన్నది. వెలుతురు తక్కువ. తేమకు కాగితాలన్నీ కొంచెం కిందికి వాలి ఉన్నాయి. గాలి లేని చోట రెండు వందల పైచిలుకు పతంగులు వేలాడుతుంటే, ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడినట్టు ఉంది.

సింధూజ ఫోను చూసుకుంది. సిగ్నల్ లేదు.

"ఈడ రాదు మేడం," అంది యాకమ్మ. "వాకిట్లకు పోవాలె. ఈ గోడలు శానా మందం."

"అక్కా, వచ్చినోళ్లందరితోని సారు సంతకం పెట్టిస్తడా?"

"అందరితోని. కరెంటు బిల్లు పిలగానితోని గూడ. ఇగ ఆయన దగ్గర సదువుకున్నోళ్లు వస్తెనే అడగడు. మీరు సూడొచ్చినోళ్లు కాదు, ఇంటికొచ్చిన పిల్లలు అంటడు. నన్ను చాయ్ పెట్టుమంటడు."

రిజిస్టరులో నిన్నటి చివరి సంతకం పదకొండు పదిహేనుకు. జనగామ నుంచి వచ్చిన ఇద్దరు టీచర్లు. ఆ తర్వాత ఏమీ లేదు. పేజీ చింపిన ఆనవాలు లేదు. మూడింటి ప్రాంతంలో వచ్చినవాడిని సారు సంతకం అడగలేదు.

"పోశాలన్న సారు దగ్గర సదివిండా?"

"ఆయన బడి మొగమే సూడలే."

మూడో గది గుమ్మం ముందు గది గుమ్మంకంటే ఇంకా కిందికి ఉంది. ఈసారి సింధూజ వంగింది. తలుపు పక్కన గోడకు ఒక అట్ట. గుండ్రటి అక్షరాలు: "గోదావరి ఒడ్డు ఊళ్ల పతంగులు. మహదేవపూర్, కాళేశ్వరం. ఇక్కడ నది గాలి బలమైనది. అందుకని కింది దారమును రెండు వేళ్లు ఎక్కువ వదులుతారు. పతంగి ముందుకు వంగి గాలిని తట్టుకొనును."

ఆమె ఆ అట్టను రెండుసార్లు చదివింది. రెండు వేళ్లు.

"అక్కా, ఈ పతంగులకు కన్నాలే లేవు. ఒక్కదానికి కూడ దారం లేదు."

"సారు కోస్తడు. ఎవరన్న పతంగి ఇస్తె, దానికి కన్నాలుంటె కత్తెరతోని కోసి, ముడి ఇప్పకుంట కవరుల దాస్తడు. కన్నాలున్నదంటె అది ఇంక ఎగురుదమనుకుంటది యాకమ్మా, దాన్ని గోడకు కట్టేసుడు పాపం అనేటోడు." యాకమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గోడ మీద దారమున్న పతంగి ఒక్కటి నువ్వు సూడవు."

సింధూజ అప్పటికే దాన్ని చూస్తోంది.

కిటికీ పక్క వరసలో కింది నుంచి రెండోది. ఊదారంగు పలుచటి కాగితం, కొత్తది. దాని నిట్టపుల్ల నుంచి తెల్లటి దారం కిందికి వేలాడుతోంది. దాని కింద అట్టముక్క మాత్రం పాతది, అంచులు పసుపెక్కినది. ఆమె వంగి చదివింది.

"88. రక్షిత, ఏడో తరగతి. మహదేవపూర్, 2004. నోటు పుస్తకము కాగితములు, రెండు పొరలు."

గోడ మీద ఉన్నది నోటు పుస్తకం కాగితం కాదు. రెండు పొరలూ కాదు.

"ఇది సోమవారం వచ్చిన కట్టలది మేడం," అంది యాకమ్మ. "జఫర్‌గఢ్ బడి పిల్లలు పంపిండ్రు. సారు ఇంక కన్నాలు కొయ్యలే. ఈడికెట్ల వచ్చె? గా పిల్ల పతంగి ఏది?"

"ఏ పిల్ల?"

"రచ్చిత. సారు మహదేవ్‌పూర్ల పంతులుగ ఉన్నప్పుడు ఆయన దగ్గర సదివిందట. గోదాట్ల పడి సచ్చిపొయిందట. తండ్రే తాగి నూకిండని పోలీసోళ్లు ఎత్కపోయిండ్రట. నేను కాదు, నేను కాదు అనుకుంటనే ఆయన జైల్ల పాణం ఇడ్సిండట. సారు ఆ పతంగిని తుడుసుడప్పుడల్లా చెప్పేటోడు. బొమ్మలు మంచిగ ఏస్తుండె పిల్ల అని." యాకమ్మ వసారా దిక్కు చూసింది. ఏం గుర్తొచ్చిందో సింధూజ అడగలేదు. బయట వసారాలో పోశాలు దగ్గుతున్నాడు.

సింధూజ అట్టముక్కను మేకు నుంచి తీసింది. ఊరి బడిలో చదివే రోజుల్లో ఒక అలవాటు ఉండేది ఆమెకు. పుస్తకం చేతికొస్తే ముందు చివరి అట్ట లోపలి వైపు చూసేది. ఎవరో ఒకరు అక్కడ ఏదో ఒకటి రాసి ఉండేవారు. ఆమె అట్టముక్కను తిప్పింది.

వెనక చీమ తలకాయలంత అక్షరాలు. చేసిన ప్రతి మరమ్మతూ సారు తేదీతో రాసుకున్నాడు.

"2011. చెదలు. తోక మార్చితిని. 2019. అడ్డపుల్ల విరిగినది, కొత్తది వేసితిని."

చివరిది మొన్న సోమవారం.

"ముసురుకు మైదా బంక ఊడినది. రెండు కాగితముల నడుమ పాప రాసిన రాత ఉన్నది. ఇరువది ఏండ్లు నా గోడ మీదనే ఉన్నది, నేను చదవలేదు. తండ్రి పాపము ఎరుగడు. ఇది పోలీసులు చూడవలసినది. మన దగ్గర చదివినవాడే ఒకడు పోలీసులలో ఉన్నాడు. రేపు మూడు గంటలకు రమ్మంటిని."

సింధూజ చేతిలో అట్టముక్క బరువుగా అనిపించింది. సారుకు ఆ రాతలో పేరు కనిపించలేదన్నమాట. కనిపించి ఉంటే పిలిచేవాడు కాదు. పిల్ల ఏం రాసిందో చదివి, ఎవరి గురించి రాసిందో తెలియక, ఆ మనిషినే చాయ్‌కి పిలిచాడు.

పిలిచిన మనిషి వచ్చాడు. సారును చంపాడు. పతంగిని తీసుకున్నాడు. ఖాళీ మేకు కనిపించకూడదని కట్టలోంచి ఒకటి తీసి తగిలించాడు. అట్ట మాయమైతే అనుమానం వస్తుందని దాన్ని ముట్టుకోలేదు. వెనక రాత ఉంటుందని అతనికి తెలియదు. గోడ మీద దారం ఉండకూడదనీ తెలియదు.

"అక్కా, సారు కోసిన కన్నాలు ఏడ పెడ్తడు?"

యాకమ్మ కిటికీ కింది చెక్కపెట్టె చూపించింది. ఊరి పేరుతో కట్టలు కట్టిన పోస్టు కవర్లు. మహదేవపూర్ కట్టలో ఏడు ఉన్నాయి. అప్పటికి టైము రెండు పది. సింధూజ పెట్టె మూత మీదే తెల్ల కాగితం పరిచి ఒక్కొక్క కవరు విప్పసాగింది. లోపల చుట్టగా పడుకున్న దారం, నడుమ ఎప్పటి ముడో అప్పటిదే. ఒకటి, రెండు, మూడు. అన్నింటికీ కింది దారం రెండు వేళ్లు ఎక్కువే. ముడులు మాత్రం ఎవరివి వారివే. నాలుగోది పిచ్చిముడి. అది రక్షితది. దానిని ఆమె వెంటనే కవరులో పెట్టేసింది.

ఐదో కవరులో దారం నీలంది. మూడు చుట్లు తిప్పి, కొసను మళ్లీ లోపలికి దోపిన ముడి.

ఆమె ప్లాస్టిక్ కవరులోని ఎర్ర పతంగిని పక్కన పెట్టింది. పాతికేళ్ల తేడా. అదే చెయ్యి. మనిషి మాట మార్చుకోవచ్చు, ఊరు మార్చుకోవచ్చు. కంగారులో వేళ్లు మాత్రం పిల్లప్పుడు నేర్చుకున్నదే చేస్తాయి.

కవరును తిప్పి పేరు చదివింది.

"ఆర్. శ్రీపాల్, పదో తరగతి. మహదేవపూర్, 1999."

సీఐ చొక్కా మీది పేరు పలక గుర్తొచ్చింది. ఆర్. శ్రీపాల్. పన్నెండు నలభైకి ముందు గుమ్మంలో ఆయన తల వంచింది గుర్తొచ్చింది. తనకంటే జానెడు పొడుగైన మనిషి, 'ఈ కొంప మొగం సూసుడు ఇయ్యాల్నే' అన్న మనిషి, పైకొయ్య వంక చూడనైనా చూడకుండా వంగాడు. పోలీసు జీపులోకి పన్నెండు చర్ఖాలు ఎక్కితే స్టేషన్‌లో పదకొండే ఎందుకు మిగిలాయో ఇప్పుడు అడగక్కర్లేదు.

"ఏంది బిడ్డా? మొగం గట్లయ్యింది?" అంది యాకమ్మ. మొదటిసారి ఆమెను బిడ్డా అంది.

సింధూజ ఫొటోలు తీసింది. కవరు, ముడి, అట్ట ముందు, అట్ట వెనక. వాకిట్లోకి పోతే తప్ప ఈ ఫొటోలు ఎక్కడికీ పోవు. వాకిట్లో ఆయన ఉన్నాడు.

"యాకమ్మా!" బయట నుంచి శ్రీపాల్ గొంతు. మెత్తగా ఉంది. "పా, జీపెక్కు. నీ పెనిమిటితోని పో. రాజు తీస్కపోతడు. నేను ఎన్కాల నా బండి మీద వస్త."

యాకమ్మ మొహం వెలిగింది. "సారు మనసు కరిగింది బిడ్డా!"

గంటన్నర కింద ఆర్టీసీ బస్సా అన్నవాడు ఇప్పుడు రమ్మంటున్నాడు. రాజు పోతాడు, పోశాలు పోతాడు, యాకమ్మ పోతుంది. ఇంట్లో ఇద్దరే మిగులుతారు.

ఆమె నీలం దారం కవరు, ఎనభై ఎనిమిదో అట్ట యాకమ్మ చేతిలో పెట్టి పిడికిలి మూసింది.

"కొంగున ముడేస్కో. లోపలికి దోపుకో. కోర్టుల పైన కుర్సీల ఒక మేడం కూసుంటది. నల్లకోటు. పోశాలన్నను పిలిసినప్పుడు ముందటికి ఉరికి ఇవి ఆమె చేతికే ఇయ్యి. ఎనక రాసింది సదువమను. ఈ ముడి, శవం కాడ దొరికిన పతంగి ముడి ఒక్కటే, సింధూజ మేడం చెప్పింది అను. రాజు అడిగినా ఇయ్యకు. తొవ్వల ఏడువు, మొత్తుకో, ఏమన్న చెయ్యి. ఇది మాత్రం సూపెట్టకు."

"గిది ఇస్తె ఆయనను ఇడ్సిపెడ్తరా?"

"ఇయ్యకపోతె రచ్చిత నాయిన లెక్కనే అయితది."

యాకమ్మ కొంగు ముడి వేసుకుని, వంగి, గుమ్మం దాటి వెళ్లిపోయింది. వాకిట్లో ఆమె ఏడుపు ఒక్కసారిగా పెద్దదైంది. జీపు తలుపు పడిన చప్పుడు. ఇంజను రెండుసార్లు మూలిగి అందుకుంది.

సింధూజ మిగిలిన ఆరు కవర్లనూ కట్ట కట్టింది. ముడి వదులుగా వచ్చింది.

శ్రీపాల్ మూడో గదిలోకి వచ్చాడు. చేతిలోని ఫోను వంక చూస్తూనే నడిచాడు. గుమ్మం దగ్గర తల అదంతట అదే వంగి, అదంతట అదే లేచింది.

"అయినయా ఫొటోలు?"

"అయినయ్ సార్."

"సిగ్నల్ లేదు ఈడ."

"లేదు సార్."

ఆయన ఫోను జేబులో పెట్టుకుని గోడ వంక చూశాడు. ఊదా పతంగి. దాని కింద ఒట్టి మేకు. అక్కడే కాసేపు ఆగి, చూపు చెక్కపెట్టె మీదికి దించాడు.

"చేతుల ఏంది?"

"సారు కోసి దాచిన కన్నాలు."

"ఇటియ్యి."

ఇచ్చింది. ఆయన కవర్లను పేకముక్కల్లా ఒక్కొక్కటే ముందుకు తోశాడు. పేర్లు చదువుతున్నాడు. రక్షిత పేరున్న నాలుగో కవరు దగ్గర బొటనవేలు ఒక్క క్షణం ఆగింది. చివరికి వచ్చాక మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

"ఆరే ఉన్నయ్. మేము ఏడుగురం."

ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చేసింది. వచ్చిన సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

"మీది వరంగల్ టౌన్ అన్నరు సార్," అంది సింధూజ.

చూరు నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. దాని వెనక, ఇంకా దూరం కాని జీపు శబ్దం. ఊరి మూల మీది బురదలో గేరు మార్చుకుంటోంది.

"దారాలు గూడ దాస్తడని నాకు ఎర్క లేకుండె," అన్నాడు శ్రీపాల్, తనలో తను అనుకున్నట్టు. "ఏడోదేది?"

"ఈడనే ఉంటది సార్. దేవులాడుదం."

ఆయన ఆమె వంక చూశాడు. తర్వాత వాకిలి దిక్కు. ఆయన తల జీపు శబ్దం వైపు నెమ్మదిగా తిరగడం సింధూజ చూసింది. వాకిట్లోకి పది అడుగులు. అక్కడ సిగ్నల్ ఉంది. రాజుకు ఒక్క ఫోను చాలు.

ఆమె ఆయనకంటే ముందు గుమ్మం దగ్గరికి నడిచింది. తలుపు మూసింది. పాతకాలపు ఇనుప గడియ, రెండు చేతులతో లాగితే గాని కదల్లేదు. వేసి, వీపు తలుపుకు ఆనించి నిలబడింది.

రెండు యాభై ఎనిమిది. కోర్టుకు గంట దారి.

"గడియ తియ్యి," అన్నాడు శ్రీపాల్. గొంతు పెంచలేదు. నడుము దగ్గర పిస్తోలు ఒర బొత్తం విడిన చిన్న చప్పుడు, 'టప్' మని. గోడల మీద ఒక్క పతంగీ కదల్లేదు.

సింధూజ చంకలోని రిజిస్టరు తీసి, నిన్నటి పేజీ విప్పి, రెండు చేతులతో ఆయన ముందుకు చాపింది.

"నిన్న మీరు సంతకం పెట్టలే సార్. పేరు, టైము, వచ్చిన పని. ఇప్పుడన్న రాయుండ్రి."